బంగారం పూసిన కవర్

ఆ వార్త రాసింది నేనే. మా పట్టణంలోని కంఠేశ్వర్‌లో ఒక ఇంట్లో బంగారు గొలుసు పోయింది. పొద్దుటిపూట ఆ ఇంట్లో గిన్నెలు తోమే ఆమె మీద అనుమానపడ్డారు. ఠాణాలో వేలిముద్రలు తీస్తే కాగితం మీద సిరా మరకలు పడ్డాయి తప్ప గీతలు పడలేదు.

“ముందే అరగదీసుకొని వచ్చింది సార్, అలవాటున్న చెయ్యి” అన్నాడు ఎస్సై.

మర్నాడు జిల్లా పేజీలో పైనే వచ్చింది: ‘వేలిముద్రలు చెరిపేసుకున్న పనిమనిషి’. అనుమానం అన్న మాట వార్తలో ఉంది, శీర్షికలో లేదు.

మూడో రోజు ఆమె పేపర్ పట్టుకొని ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి. అడగకుండానే రెండు అరచేతులూ నా బల్ల మీద వెల్లకిలా పెట్టింది.

“సూడుండ్రి సారూ. పెండ్లి గాకముందు సంది బీడీలు చేస్తున్న. ఆకు చుట్టి చుట్టి గీతలు పోయినయి. రేషన్ దుకాణంల మిషన్ గూడ నా ఏలు గుర్తువడ్తలేదు. మా గల్లీల సగం మంది ఆడోళ్లకు గిట్లనే ఉంటది. అందరు దొంగలేనా?”

మా అవ్వ బీడీలు చుట్టే నన్ను చదివించింది. జ్వరం వచ్చినప్పుడు నా నుదుటి మీద పెట్టిన ఆమె వేళ్లు అద్దంలా నున్నగా ఉండేవి. ఎస్సై చెబుతున్నప్పుడు అది నాకు గుర్తు రాలేదు.

పేపర్ చూసి అప్పటికే మరో రెండిళ్లు ఆమెను రావద్దన్నాయి. “పని పోతె ఇంకోటి సూసుకుంట. దొంగ అన్న మాట పోవాలె” అని లేచి వెళ్లింది.

ఇంట్లో గొలుసు పెట్టి ఉంచిన పాలిథీన్ కవర్ ఖాళీగా పెరటి కాలువలో దొరికింది. వాననీళ్లలో నాని ఉంది. ముద్రల కోసం దాని మీద పొడి చల్లినా లాభం లేదన్నారు పోలీసులు. మామూలు దొంగతనమైతే అక్కడితో ఆగేది. ఇంటాయన పలుకుబడి ఉన్నవాడు. హైదరాబాద్ ల్యాబ్‌కు పంపాల్సిందే, ఆమె చెయ్యి బయటపడాల్సిందే అని పట్టుబట్టి పంపించాడు.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. కవర్ లోపలివైపు ఒక బొటనవేలి ముద్ర, ఒక్క గీత కూడా అరగనిది. ఎస్సై ఇంట్లోవాళ్లందరి ముద్రలూ తీసి పోల్చాడు. అది ఇంటాయన తమ్ముడిది. బోధన్ దగ్గర చెరుకు వేసే మనిషి, అన్న ఇంట్లో వారం ఉండి వెళ్లాడు. ఆ కవర్‌నే ఎన్నడూ చూడలేదని అంతకుముందు చెప్పాడు. గొలుసు అతని ఇంట్లో దొరికింది.

ఆ నెలలోనే హైదరాబాద్‌లో పనిబడి ఆ ల్యాబ్‌కు పోయాను. అక్కడి అధికారి కవర్ మీది ముద్రను పైకి తెచ్చిన పెట్టె చూపించాడు. అందులో గాలంతా తీసేసి బంగారాన్ని ఆవిరి చేస్తారు. అది కవర్ మీద కంటికి కనిపించనంత పలచగా పరుచుకుంటుంది. వేలి జిడ్డు ఉన్నచోట మాత్రం జిడ్డులోకి దిగిపోతుంది. తర్వాత జింక్ ఆవిరి పంపుతారు. జింక్ పైన తేలి ఉన్న బంగారానికే అంటుకుంటుంది. కవరంతా బూడిదరంగు పొర కడుతుంది, జిడ్డు గీతలు మాత్రం ఏమీ అంటకుండా మిగులుతాయి. నీళ్లలో నానిన కవర్ మీద కూడా ఇది పనిచేస్తుందట.

తిరిగి వచ్చాక వాళ్ల గల్లీకి పోయి ఈ సంగతి ఆమెకు చెప్పాను. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని, చేతులు ఆపకుండానే విన్నది.

“బంగారం పోయిందని బంగారం పూసిండ్రా? నాకన్న ఆ కవరే నయం.” పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. “గప్పుడు రాసిండ్రు గద, ఇప్పుడు గూడ రాయుండ్రి.”

అన్నదమ్ములు రాజీపడ్డారు. ఫిర్యాదు వెనక్కి పోయింది. “ఇంటి సంగతైపాయె, మళ్ల కెలుకుడెందుకన్నా?” అన్నాడు డెస్కులో పేజీ చూసే అతను. శీర్షిక మనదే కదా అన్నాను. చివరికి నాలుగు లైన్లు వేశాడు, లోపలి పేజీలో, పసుపు ధరల కింద.

ఆమె ఆ రోజే వచ్చింది. పేజీ అంతా వెతికి చూసుకుంది.

“తిట్టేటప్పుడు మీదనా, కాదనేటప్పుడు గింత కిందనా?”

“అవును.”

“సరే, పది పేపర్లియ్యుండ్రి.”

ఇచ్చాను. మానేయమన్న ఇళ్లకు తలా ఒకటి ఇచ్చింది, మిగతావి గల్లీలో పంచింది. ఒకరు మళ్లీ పనికి పిలిచారు. వారం తర్వాత బజారులో కనిపిస్తే, కంఠేశ్వర్ ఇంట్లో ఇచ్చావా అని అడిగాను.

“గేటుకు గుచ్చి అచ్చిన సారూ. లోపటికి పోతె మళ్ల ఏదన్న పోయిందంటరు.”