హుషారు లేదు

విదేశీ సేవకు వెళ్తానని మా సంఘం ముందు నిలబడి చెప్పినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నా మనసులో ఉన్నది ఆఫ్రికా. ఎందుకో తెలియదు, అక్కడి ఎర్రమట్టి రోడ్ల ఫోటోలు ఎక్కడో చూసి ఉంటాను. శిక్షణ అయ్యాక నాకు ఇచ్చింది కన్నడనాట ఉన్న కాడుగోడి. రాత్రి రైలెక్కితే పొద్దున టిఫిన్ వేళకు దిగిపోయే చోటు. అయినా మావాళ్ళు ఏమీ తగ్గలేదు. వీడ్కోలు కూడిక పెట్టి, దండ వేసి, ఒక ప్రెషర్ కుక్కరూ ఒక రెయిన్‌కోటూ చేతిలో పెట్టి, నేనేదో సముద్రాలు దాటి పోతున్నట్టే ఏడ్చారు. రాష్ట్రం దాటితే మా సంఘం దృష్టిలో అది పరదేశమే.

నాతోపాటు శిక్షణ పొందిన అమ్మాయిని ఒడిశా కొండల్లోకి పంపారు. పంపేముందు ఆరు నెలలు భాష నేర్పించారు. నాకు ఆరు రోజులు కూడా నేర్పించలేదు. "నీకేంటమ్మా, అక్కడంతా మన తెలుగువాళ్ళే, భాషతో ఇబ్బందే లేదు" అన్నారు మా అధ్యక్షులు అయ్యగారు. నేనూ అదృష్టవంతురాలిననే అనుకున్నాను. ఆ మాట నమ్మినందుకు ఒక మనిషికి కాలు పోయింది. నేను చెప్పబోయేది అదే.

కాడుగోడిలో రైల్వే స్టేషన్‌కి ఇవతల, ఒక సందులో రెండో అంతస్తులో మా గది. అందులో నేనూ, నాకంటే పదిహేనేళ్ళు పెద్దయిన సిస్టర్‌గారూ ఉండేవాళ్ళం. ఆవిడ ఐదింటికి నన్ను లేపి ప్రార్థనకు కూర్చోబెట్టేవారు. నేను మోకాళ్ళ మీదే నిద్రపోయేదాన్ని. నీళ్ళ ట్యాంకర్ వచ్చిన రోజున ఆమెన్ అనకుండానే ఇద్దరం బిందెలు పట్టుకుని కిందికి పరుగెత్తేవాళ్ళం. తరవాత ఉప్మా, గది ఊడవడం, వాక్యం చదవడం, మధ్యాహ్నం దాటాక ఇళ్ళు తిరగడం. ఇళ్ళు తిరగడం అంటే నాకు మొదట్లో భయంగా ఉండేది. తలుపు తీసినవాళ్ళు ముందు నా చేతిలో సంచి చూసేవాళ్ళు, ఏదో అమ్మడానికి వచ్చానని. ఒకావిడైతే లోపలి నుంచే, "ఫినాయిల్ వద్దు" అంది.

అక్కడి తెలుగువాళ్ళు రెండు రకాలు. అపార్ట్‌మెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఒక రకం. "సిస్టర్, సండే మాకు రిలీజ్ ఉంది, నెక్స్ట్ వీక్ డెఫినెట్‌గా" అనేవాళ్ళు. ఆ నెక్స్ట్ వీక్ నేను చూడనే లేదు. రెండో రకం, తాతల నాటి నుంచి అక్కడే ఉన్నవాళ్ళు. వాళ్ళ తెలుగులో కన్నడం పాలల్లో నీళ్ళలా కలిసిపోయి ఉండేది. "ఊట అయిందా?" అని ఒకామె అడిగితే నాకు నవ్వాగలేదు. మా డెల్టాలో ఊట అంటే బావిలో ఊరేది. అక్కడ అన్నం. ఇలాంటి మాటలు ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, ఆదివారం ఫోన్లో మా చెల్లికి చదివి వినిపించి నవ్వించేదాన్ని. నాకు అర్థం కాని మాటలే ఆ పుస్తకంలో రాసుకున్నాను. అర్థమయ్యాయనుకున్న మాటలు రాసుకోవాలని తోచలేదు.

మంగళవారం సాయంత్రం స్త్రీల కూడిక మా గదిలోనే జరిగేది. పదిమంది దాకా వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఇస్త్రీ అమ్మ ఒకరు. ఒక అపార్ట్‌మెంటు ప్రహరీ గోడ పక్కన బండి పెట్టుకుని, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది. యాభై దాటి ఉంటాయి. భర్త లేడు. కూతురు అదే అపార్ట్‌మెంటులో హౌస్‌కీపింగ్ పని చేసేది. పొద్దుటి నుంచీ నిలబడే పని కదా, కూడికలో కూర్చోగానే కాళ్ళు చీరలోకి ముడుచుకునేది. నన్ను 'సిస్టరమ్మా' అని పిలిచేది. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఊళ్ళో నన్ను అంత గౌరవంగా ఎవరూ పిలిచి ఎరగరు.

మా కూడికల్లో ఆరాధన అంటే నిలబడాలి. వరసగా మూడు పాటలు, చప్పట్లు, దాదాపు అరగంట. కూర్చున్నవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, రక్షణ పొందాక కూడా అది దిగలేదు. ఒక మంగళవారం అందరూ లేచినా ఇస్త్రీ అమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. కూడిక అయ్యాక, "ఏంటమ్మా, అలా కూర్చుండిపోయారు?" అన్నాను.

"హుషారు లేదు సిస్టరమ్మా."

"హుషారు మనమే తెచ్చుకోవాలమ్మా, దానంతటది రాదు" అన్నాను. చాలా చక్కగా చెప్పాననుకున్నాను కూడా. ఆమె నా మొహం కేసి కాసేపు చూసింది. తల ఊపి, రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రెండో మంగళవారం అందరికంటే ముందు వచ్చింది. నేను చాపలు పరుస్తున్నాను. "ఇంగా హుషారు కాలేదు సిస్టరమ్మా" అంది. నేను ఊఁ అన్నాను. కాసేపటికి, "మీ ఊరి నర్సమ్మలుండే ఆస్పత్రి, అది చానా దూరమా?" అంది. మా వైపు అమ్మాయిలు నర్సులుగా పనిచేసే ఆస్పత్రి ఒకటుందని నేనే కూడికలో చెప్పి ఉన్నాను.

"రెండు బస్సులు మారాలి. ఎవరికి?"

"సుమ్మనే అడిగినా."

సుమ్మనే అంటే ఊరికే అని నా పుస్తకంలో ఉంది. కాబట్టి ఊరికే అడిగిందనుకున్నాను. ఆ రెండు మాటలకీ ముడి వేసుకోవడానికి నాకు తీరిక లేదు. ఇంకా డప్పు వెతకాలి, పాటల కాగితాలు పంచాలి.

మూడో మంగళవారం నేనే పాట నడిపిస్తున్నాను. ఆమె మళ్ళీ గోడ దగ్గరే కూర్చుని ఉంది. నాకు పంతం వచ్చింది. పాట ఆపకుండానే ఆమె దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, "ఈరోజు మాత్రం నిలబడాల్సిందే" అని లేపాను. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆమె లేచింది. మూడు పాటలూ నిలబడింది. ఒక చేత్తో గోడ పట్టుకుని రెండో చెయ్యి పైకెత్తింది. మొహమంతా చెమట. నేను పట్టుకున్న చెయ్యి బాగా వేడిగా ఉంది. ఇస్త్రీ పెట్టె దగ్గర్నుంచి నేరుగా వచ్చింది కదా అనుకున్నాను.

ఆ రాత్రే నెల ఉత్తరం రాయాలి. మమ్మల్ని పంపిన సంఘాలన్నిటికీ నెలకొక ప్రార్థన ఉత్తరం వెళ్తుంది. పైన స్తుతి అంశాలు, కింద ప్రార్థన అంశాలు. ఇప్పుడు వాట్సాప్‌లోనే పంపిస్తాం, అక్కడ ప్రింటు తీసి కూడికల్లో చదువుతారు. ప్రార్థన అంశాల్లో ఇలా రాశాను: "ఇస్త్రీ పని చేసుకునే ఒక సహోదరికి ఆరాధనలో హుషారు లేదు. ఆమెలో ఆత్మీయ ఉజ్జీవం కలిగేలా భారంతో ప్రార్థించండి." సిస్టర్‌గారు చదివి బాగుందన్నారు. అప్పుడే పంపించేశాను.

గురువారం పొద్దున ఆమె కూతురు యూనిఫాం చీరలోనే మా మెట్లెక్కి వచ్చింది. రొప్పుతోంది. "సిస్టర్, అమ్మని ఆస్పత్రికి పిలుచుకొని పోవల్ల. మాట్లాడేది ఏమీ సరిగ్గా లేదు. ఒళ్ళు కాలిపోతా ఉండాది."

"అయ్యో, ఎప్పట్నుంచి? నాకెందుకు చెప్పలేదు?"

ఆ పిల్ల నన్ను అదోలా చూసింది. "మూడు వారాలుగా చెప్తానే ఉండాది గదా సిస్టర్. మీతో చెప్పినా అనింది. మీరు పిలుచుకొని పోతారని కాచుకోని ఉండాది."

"నాతోనా? నాతో హుషారు లేదని మాత్రమే అంది."

"అదే గదా సిస్టర్ నేను చెప్పేది. హుషారు లేదనే చెప్పింది."

అప్పటికీ నాకు వెంటనే వెలగలేదు. వెనక నుంచి సిస్టర్‌గారు మెల్లగా అన్నారు. "ఇక్కడ హుషారు లేదంటే ఒంట్లో బాగోలేదని. కన్నడంలో అలాగే అంటారు." ఆవిడకి తెలుసు. నా ఉత్తరం చదివినప్పుడు మాత్రం తట్టలేదు. నేను మా ఊరి తెలుగులో రాశాను, ఆవిడ మా ఊరి తెలుగులోనే చదివారు.

ఇంటికెళ్ళి చూస్తే ఎడమ పాదానికి పాత గుడ్డ చుట్టుకుని ఉంది. విప్పబోతే వాసనకి నేను వెనక్కి తగ్గాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఎప్పుడో పెట్టెలోంచి నిప్పు ముక్క జారి పాదం మీద పడిందట. షుగర్ వల్ల ఆమెకు తెలియనే లేదు. చూసుకునేసరికి పుండయింది, తరవాత జ్వరం పట్టుకుంది. వేళ్ళు రెండు నల్లబడి ఉన్నాయి. ఆటోలో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆస్పత్రిలో మా ఊరివైపు నర్సులు పరుగులు పెట్టారు. డాక్టరు మాత్రం నన్ను పక్కకు పిలిచి, రెండు వారాల ముందు తెచ్చి ఉంటే బహుశా ఒక వేలితో పోయేదన్నాడు. మర్నాడు మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

నేను వరండాలో కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. మా డెల్టాలోని ఒక సంఘం నుంచి మెసేజ్. "సిస్టర్, ఆ సహోదరి హుషారు కోసం మా స్త్రీలమంతా ఈ శుక్రవారం ఉపవాసం ఉన్నాం." కింద చేతులు జోడించిన బొమ్మలు. పాపం, వాళ్ళు అన్నం మానేసి ఏం అడిగారో తలుచుకుని ఫోన్ ఆపేశాను.

అప్పట్నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. మందుల షాపులో "హుషారిల్ల" అని ఒకాయన. బస్సులో ఫోన్ పట్టుకుని, "మగువిగె హుషారిల్ల" అని ఒక తల్లి, బిడ్డకి బాగోలేదని. స్కూల్ గేటు దగ్గర, కూరగాయల బండి దగ్గర, అంతటా అదే. ఏడాది నుంచీ అంటూనే ఉన్నారు. నా చెవిన పడ్డ ప్రతిసారీ నేను దాన్ని నా తెలుగు చేసుకుని వదిలేశానన్నమాట.

ఆమె బతికింది. నేను రోజూ గంజి పట్టుకెళ్ళేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని. "సొంత కూతురు మాదిరి చేస్తా ఉండావు, దేవుడు నిన్ను చల్లగా చూడనీ" అనేది. దీవించిన ప్రతిసారీ చెప్పేద్దామని నోరు తెరిచి మూసుకునేదాన్ని. సిస్టర్‌గారికి మాత్రం చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ చాలాసేపు నా వీపు నిమిరారు. "తెలిసి చేశావా? ప్రాణం దక్కింది కదా. ఉత్తరంలో అది రాయి" అన్నారు. ఇలాంటి వాటికి కుంగిపోయి సేవ వదిలేసి ఇంటికెళ్ళిపోయిన పిల్లల్ని ఆవిడ చూశారు. నన్ను నిలుపుకోవాలనే అన్నారని నాకు తెలుసు. కానీ పిరికితనం నాదే. ఆ నెల స్తుతి అంశాల్లో మొదటిది ఇదీ: "మరణద్వారం దాకా వెళ్ళిన ఒక సహోదరిని ప్రభువు బతికించి, తిరిగి తన సన్నిధిలో నిలబెట్టాడు." నిలబెట్టాడు అనేది మాకు అలవాటైన మాట. చేయి దానంతటదే రాసేస్తుంది.

రెండు నెలల తరవాత ఒక మంగళవారం కూడిక ఆమె ఇంట్లోనే పెట్టుకున్నాం. నేను ముందుగా వెళ్ళాను. కూతురు డ్యూటీలో ఉంది. ఆమె మంచం మీద కూర్చుని, గోడకి చేరేసిన చేతికర్రని సరిచేసుకుంటోంది. "నా గురించి మీ ఊరోళ్ళకి రాసినావంట గదా. ఆస్పత్రిలో మీ ఊరి నర్సమ్మ చెప్పింది. చదువు, విందాం" అంది.

ఫోన్లో ఉంది. లేదని చెప్పలేకపోయాను. చదివాను. ఆమె తల కొంచెం వంచి, వాక్యం వింటున్నంత శ్రద్ధగా విన్నది.

"బాగుండాది" అంది. "నిలబెట్టినాడని రాసినావు. దీంట్లో నా కాలు యాడుండాది సిస్టరమ్మా?" అంది.

ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగింది, నేను చదవడంలో ఒక వరస వదిలేశానేమో అన్నట్టు. ఇక దాచలేకపోయాను. నేల మీద కూర్చుని ఆమెకి అంతా చెప్పాను. మా వైపు హుషారు లేదంటే ఒంట్లో బాగోలేదని కాదని, మనసు లేదని, ఉత్సాహం లేదని అర్థమని. ఆమెకి ఆరాధన మీద ఇష్టం లేదనుకునే ఆ రోజు చెయ్యి పట్టుకుని లేపానని. మొదటి ఉత్తరం కూడా చదివి వినిపించాను. నాకు ఏడుపొచ్చింది, అయినా ఆపకుండా చదివాను.

ఆమె మోకాలి మీద దుప్పటి సర్దుకుంది. బయట సందులో మనవాళ్ళ మాటలు వినపడుతున్నాయి, కూడికకి వస్తున్నారు.

"ఇష్టం లేదనుకున్నావా?" అంది.

"అవునమ్మా."

"ఇష్టం లేకుంటే ఆ కాలితో ఎందుకు నిలబడతాను సిస్టరమ్మా?"