ఉప్పునీళ్ళు తాగిన గోబర్ గ్యాస్

నెల్లూరులో మా వంటింట్లో సిలిండర్ మార్చినప్పుడల్లా గుప్పుమనే వాసనకు పిల్లలు ముక్కులు మూసుకుని కిటికీలు తెరుస్తారు, నేను మాత్రం మనసులో అల్లూరులోని మా పశువుల కొట్టం వెనక్కి వెళ్ళిపోతాను. నిజానికి ఇది గ్యాసు వాసన కాదు, లీకైతే తెలియాలని కంపెనీవాళ్ళు కలిపే వాసన. నేను పెరిగిన ఇంటి గ్యాసుకు అలాంటి అరువు వాసనలు అక్కర్లేదు, తన పుట్టుక సంగతి తానే ఊరంతా చాటుకునేది.

అది రాకముందు మా వంటిల్లంటే పొగే. ఎండాకాలం సరుగుడు ఆకు చరచరా మండి చటుక్కున ఆరిపోయేది, వానాకాలం తడిసిన కట్టె మండకుండా సతాయించేది, అమ్మ ఊదుగొట్టం పట్టుకుని ఊదీ ఊదీ, దగ్గీ దగ్గీ, ఎర్రబడ్డ కళ్ళతోనే మాకు అన్నాలు వడ్డించేది. మనుబోలులో బంధువుల ఇంట గోబర్ గ్యాస్ పొయ్యి చూసి వచ్చిన నాయన, కొట్టం వెనక బావిలాంటి గుంత తవ్వించి, లోపల ఇటుకలు కట్టించి, దాని మీద పెద్ద ఇనుప డ్రమ్మును బోర్లించాడు.

పొద్దున్నే పేడలో అంతే నీళ్ళు పోసి, గడ్డీ గాదం ఏరేసి, జావలాగా కలిపి గుంతలోకి వదిలేవాళ్ళం. గాలి తగలకుండా లోపల కుళ్ళే పేడలోంచి గ్యాసు పుట్టి డ్రమ్మును మెల్లగా పైకి లేపేది. అందులో సగానికి పైగా మీథేన్ అనీ, ఒక కర్బనానికి నాలుగు ఉదజనులు అతుక్కుని ఉంటాయనీ, దానికి రంగూ వాసనా లేవనీ, గాలికంటే తేలికనీ తర్వాత బడిలో చదువుకున్నాను. కుళ్ళిన గుడ్డు కంపు దాని వెంట వచ్చే మరో గ్యాసుదట. పాపం మీథేన్, చెడు సావాసం చేసి చెడ్డపేరు మోసింది.

వెలిగిస్తే మాత్రం మసి లేని నీలిమంట. గిన్నెల అడుగులు మెరిసేవి, వసారాలో గ్యాసు దీపం తెల్లగా వెలిగేది, గుంతలోంచి బయటికొచ్చిన పేడనీళ్ళు మళ్ళకు ఎరువయ్యేవి. అన్నిటికంటే మజా ఇంకొకటి ఉండేది. మంట సన్నబడితే అమ్మ వంటింట్లోంచి, "పిల్లకాయలూ, డ్రమ్మెక్కండి!" అని కేకేసేది. మా బరువుకు డ్రమ్ము కిందికి నొక్కుకుని పొయ్యి మీద మంట ఎగిసేది. అన్నం ఉడికేదాకా నేనూ అన్నయ్యా దాని మీద కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తినేవాళ్ళం. ఇడ్లీల రోజు పక్కింటి పిల్లల్ని కూడా బరువుకు పిలుచుకునేవాళ్ళం.

నాయన తల్లి, మా జేజి, ఈ పొయ్యి మీద వండింది ముట్టేది కాదు. పెరట్లో తన కట్టెల పొయ్యి మీద, తన మట్టి దాకలో, తన వంట తనదే. "పేడ మంట మీద చేపల పులుసా? నేను తినను" అనేది. రోజూ ముంగిట్లో కళ్ళాపి చల్లేది ఆ పేడతోనే కదా అని అమ్మ మెల్లగా అంటే, "ముంగిలిని తింటామా, మే?" అని నోరు మూయించేది. చివరికి నాయనతో, "ఎండలు పోయేలోగా ఇది మొరాయించిందా, గుంత పూడ్చి దిబ్బ చేసేయాల" అని పందెం కట్టింది. నాయన సరేనన్నాడు. అమ్మ ముఖం మాత్రం వాడిపోయింది.

ఆ వేసవి కాలవకు నీళ్ళు ఆపేశారు. మంచినీళ్ళ బావి ఊరికి అవతల, ఇంటి దగ్గర బోరులో వచ్చేవి ఉప్పునీళ్ళు. "పేడకు మంచినీళ్ళెందుకు, అదేమన్నా తాగబోతాదా" అని నాయన బోరునీళ్ళే కలిపాడు. మాకందరికీ సబబుగానే తోచింది. కొన్నాళ్ళకు డ్రమ్ము లేవడం మానేసింది. మేమే కాదు, నాయన ఎక్కి కూర్చున్నా మంట రాలేదు. ఆయన పైపులు ఊది చూశాడు, డ్రమ్ముకు సబ్బునురగ పూసి చిల్లులు వెతికాడు. అమ్మ అటక మీది ఊదుగొట్టం దించింది. రెండో పూటకే వంటింట్లోంచి దగ్గు మొదలైంది. ఇచ్చిన మాట ప్రకారం నాయన గుంత పూడ్చడానికి పార తెచ్చాడు, నాకు ఏడుపు ఆగలేదు.

జేజి అప్పుడు పెరట్లో ఉప్పుచేపలు ఎండబెడుతోంది. చేతిలో చేప పట్టుకుని కాసేపు వంటింటి వైపే చూసింది.

"ఏం నీళ్ళు పోసినావురా దాంట్లో?"

"బోరువేమ్మా."

"ఉప్పేస్తే చేపే కుళ్ళదు గదరా, పేడెట్టా కుళ్తాది?"

నాయన పార కిందికి దించాడు. "పూడ్చమంటివి గదా" అన్నాడు నీరసంగా.

"పూడ్చేదానికి తొందరేముండాది? ముందు మంచినీళ్ళు మోయండి."

ఉప్పుపేడను చాలావరకు తోడేశాం. బావి నుంచి బిందెలు మోసి మోసి భుజాలు కాయలు కాశాయి. బియ్యం కడిగిన నీళ్ళు కూడా జేజి దాచి ఇచ్చేది. ఎన్నో రోజులకు డ్రమ్ము కాస్త కదిలిన పొద్దున మేము చేసిన గోలకు బర్రెలు బెదిరిపోయాయి. నీలిమంట నిలదొక్కుకున్నాక, జేజి తానే మామిడికాయ వేసిన చేపల పులుసు దాకను తెచ్చి ఆ పొయ్యి మీద పెట్టింది. తిని, "ఉప్పు తక్కువైంది" అని మూతి తిప్పి, మళ్ళీ వడ్డించుకుంది.

ఇప్పుడు జేజి లేదు. బర్రెలు పోయాయి, డ్రమ్ము తుప్పుపట్టి పాత ఇనుము బండెక్కింది, మా మళ్ళన్నీ రొయ్యల గుంటలయ్యాయి. డ్రమ్మెక్కమని పిలిచే ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు. మొన్న ఇవన్నీ చెప్పుకుని నవ్వుకుంటుంటే అమ్మ ఉన్నట్టుండి అంది, "ఆ పొద్దు నోరు మెదపకుండా ఉండుంటే మీ జేజే గెలిచుండేది."

"మరెందుకు చెప్పిందమ్మా?"



"నా దగ్గు ఇనలేకపోయిందమ్మా."