మా ఇంటి అల్పమత్ సర్కారు

ఆ ఏడు అసెంబ్లీ ఎన్నికల్లో, అప్పటి మా రాష్ట్ర రాజధాని పట్నాలో, ఎవరికీ మెజారిటీ రాలేదు. టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో వారం రోజులు అదే గోల. గూడ్స్ గార్డుగా పనిచేసే మా నాన్న డ్యూటీ దిగి యూనిఫాం కూడా విప్పకుండా రేడియో ముందు కూర్చునేవాడు. చివరికి అందరికన్నా ఎక్కువ సీట్లొచ్చిన పార్టీ బయటివాళ్ల మద్దతుతో గద్దెనెక్కింది. 'అల్పమత్ సర్కార్' అంది రేడియో. సొంత బలం సగానికి చాలని ప్రభుత్వమన్నమాట.

నా గొడవ వేరు. మెట్రిక్ పాసై ఇంట్లో కూర్చున్నాను. బిష్టుపూర్ వెళ్లి టైపు నేర్చుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. చేరడానికి ఆ వారమే ఆఖరు.

"ఆడపిల్ల ఒక్కర్తీ బస్సెక్కి అంత దూరం ఎల్తాదేటి?" అన్నాడు నాన్న.

"అదే కదా" అంది మామ్మ. కొడుకు మాటకి ఎదురు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. అమ్మ మాత్రం నా వైపు.

నేను వదల్లేదు. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. ఒక్క పూటే లెండి, అదీ చేపల పులుసు లేని రోజు చూసుకుని.

ఎన్నికల ఊపులో ఉన్న నాన్న ఆదివారం పొద్దున్న అందర్నీ కూర్చోబెట్టాడు. "ఇంట్లో నలుగురం. మత్‌దాన్ చేసేద్దాం. సమానమొత్తే ఇంటి పెద్దగా నా మాటే." మామ్మ ఓటు తన జేబులో ఉందని ఆయన ధైర్యం.

టైపుకి పంపాలని అమ్మా నేనూ చేతులెత్తాం. వద్దని నాన్న ఎత్తాడు. మామ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"మతం దానమా? నాను ఇయ్యను. సచ్చినా ఇయ్యను."

"మతం కాదే అమ్మా! హిందీలో ఓటుని మత్ అంతారు."

"ఏదైతే ఏటి? నా మతం నా దగ్గరే ఉంతాది."

ఇద్దరు ఇటు, ఒక్కడు అటు. నేను గెంతులేశాను. నాన్న ఊరుకుంటాడా? "నలుగుర్లో ఇద్దరంటే సగమే. మెజారిటీ ఏదీ? మీది అల్పమత్" అన్నాడు.

మామ్మ చేట పక్కకి తోసేసింది.

"ఏటన్నావు? నా మనవరాలిది అల్ప మతమా? మన మతం అల్పమైనదేటిరా? ఎల్తాది. టైపుకి ఎల్తాది. నాను దగ్గరుండి బస్సెక్కిత్తాను. ఎవులాపుతారో సూత్తాను!"

బయటి నుంచి మద్దతంటే ఏమిటో నాన్నకి అప్పుడు తెలిసొచ్చింది.

పట్నా సర్కారు ఎక్కువ కాలం నిలబడలేదు. మాది నిలబడింది. కోర్సు అయ్యేదాకా మామ్మ రోజూ వచ్చి నన్ను బస్సెక్కించింది. అల్పమత్‌కి అసలు అర్థం ఆవిడకి నేను చెప్పలేదు. చెబితే మద్దతు వెనక్కి తీసుకుంటుందేమోనని భయం.

గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చిన రోజు, ఆవిడ నోట్లో మిఠాయి పెట్టి, నవ్వుతూ ఆ సంగతి చెప్పేశాను. మామ్మ నా చెవి మెలిపెట్టింది.

"నలభై ఏళ్లు సాక్చి బజార్లో హిందీలో బేరాలాడినదాన్ని. మత్‌దానంటే ఏటో నాకు తెల్దేటే? కొడుకుని కాదని నీకు ఓటెయ్యలేను. నిన్ను ఓడించనూ లేను. మరేటి సెయ్యమంతావు?"

నవ్వుతూనే ఏడ్చేశాను. ఆ మాట మాత్రం నాన్న దాకా వెళ్లనివ్వలేదు.