సరళక్క కుట్టిన ఏనుగు

మొన్న దిండు చిరిగితే కొత్త పాలియెస్టర్ దూది తెచ్చి సంచి విప్పాను. ఎండకు కాగిన ప్లాస్టిక్ లాంటి వెచ్చని వాసన గుప్పున వచ్చింది. చేతిలో పని ఆగిపోయింది. నాలుగేళ్ల పాటు నా బట్టలకూ జుట్టుకూ పట్టిన వాసన అది. సరళక్క కొట్టు వాసన.

మలక్‌పేట స్టేషన్ దగ్గరి సందులో, పిల్లలు తమ బొమ్మలు తామే చేసుకునే కొట్టు అక్కది. ఎలుగుబంట్లు, కుందేళ్లు, ఏనుగులు, దూది లేని ఉత్త తోళ్లుగా గోడకు వేలాడేవి. పిల్లలు నచ్చినదాన్ని ఎంచుకుని, దూది కూరి, వీపు కుట్టుకుని ఎత్తుకుపోయేవాళ్లు. భర్త పోయాక స్కూలు యూనిఫారాలు కుట్టి కూతురు లతను పెంచి, ఆమె పెళ్లయ్యాక అక్క ఇష్టపడి పెట్టుకున్న కొట్టు. నేను ఉప్పుగూడ నుంచి లోకల్ రైల్లో వచ్చి పనిచేసేదాన్ని. నా అంత సన్నగా కుట్టేవాళ్లు లేరని అప్పట్లో కొంచెం గర్వం కూడా ఉండేది.

చేరిన వారంలోనే ఆ గర్వం దిగింది. ఆరేళ్ల పాప ఒకతె కుందేలు వీపు కుడుతోంది. దారం చిక్కుపడుతోంది, వాళ్లమ్మ గడియారం చూసుకుంటోంది. చూడలేక నేనే తీసుకుని రెండు నిమిషాల్లో కుట్టి ఇచ్చేశాను. పాప దాన్ని ముట్టుకోలేదు. వాళ్లమ్మే సంచిలో వేసుకుంది.

వాళ్లు పోయాక అక్క అడిగింది. "మస్తు కుట్టినవ్. గని సునీతా, ఇప్పుడది ఎవరి కుందేలు?"

"పాపదే గదక్కా. వాళ్లమ్మకు టైం లేకుండె."

"పాపదైతే ముట్టుకోదా? వంకరనో టింకరనో గా పిల్లనే కుట్టుకోనియ్యి. చూసుకుంట కూసునుడే మన పని. గది కుట్టుడుకంటే కష్టం."

ఆ కష్టం ఆమె దగ్గరే చూశాను. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారం చేసే ఒక పెద్దాయన, ఆసుపత్రిలో ఉన్న మనవడి కోసం కుక్కబొమ్మ చేయడానికి ఒంటరిగా వచ్చాడు. సూది పట్టడం తెలియదు. రెండు గంటలు పట్టింది. మధ్యలో కళ్లు తుడుచుకున్నాడు. అక్క పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇస్తూనే ఉంది. కుట్టు మాత్రం ఒక్కటీ తను వేయలేదు.

మూడో ఏడు ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బు, తగ్గేది కాదన్నారు. మరుసటి ఏడు, నిజామాబాద్‌లో ఉన్న లత కూతురి మొదటి పుట్టినరోజుకు ఏనుగు చేస్తానని కూర్చుంది. ఒక్క కుట్టు పడడానికి ఎంతసేపో పట్టేది. వేళ్లకు సూది గుచ్చుకునేది.

"నేను కుట్టనా అక్కా?"

"వద్దు బిడ్డా. దానికి నా చేతిదే ఇయ్యాలె."

పదకొండు రోజులకు పూర్తయింది. కుట్లు ఎగుడుదిగుడుగా పడ్డాయి, సందుల్లోంచి దూది తొంగిచూస్తోంది. ఆ మధ్యాహ్నం అక్క డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆ ఏనుగును చూసి లత అత్తగారింట్లో నవ్వుతారేమోనని నాకు దిగులు. కుట్లన్నీ విప్పి, నా చేత్తో సన్నగా కుట్టాను. దారం ముక్కలు ఊడ్చి చెత్తబుట్టలో వేశాను. అక్క సంతోషిస్తుందనే అనుకున్నాను.

ఆమె వచ్చి ఏనుగు వీపు మీద వేలు పెట్టి నిమిరింది.

"ఇప్పేసినవా?"

"దూది బయటికొస్తుండె అక్కా..."

"నాకు ఇంకోటి కుట్టే చెయ్యి లేదు గదనే."

అంతే అంది. తిట్టలేదు. సాయంత్రం ఎప్పటిలాగే తన చాయ్‌లో సగం నాకు పోసింది. అది చల్లారిపోయాక పారబోశాను.

రెండు నెలలకు కొట్టు మూసేసి లత దగ్గరికి వెళ్లిపోయింది. మరుసటి వానాకాలంలో పోయింది. నేను వెళ్లేసరికి ఇంటినిండా జనం. మూలన చాపమీద మనవరాలు ఏనుగు మెడ చుట్టూ చెయ్యేసి నిద్రపోతోంది. లత నా పక్కన కూలబడి, దాని వీపు చూపించి ఏడ్చింది.

"చెయ్యి గంత వణికినా అమ్మ ఎంత సాఫ్‌గ కుట్టిందో చూడు సునీతా."

నా కుట్ల మీద వేలితో నిమిరి, పాపకు దుప్పటి కప్పాను.

లత ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. పాప బడికి పోతోంది, ఏనుగు లేనిదే పడుకోదట. "ఒక్క కుట్టు గూడ ఊడలే," అంటుంది. "అవును, అక్క చెయ్యి గట్టిది," అంటాను.