జనగామ బస్టాండులో ఏడ్చిన రోజు

డిగ్రీ మొదటి సంవత్సరం. బయ్యారం దగ్గరి మా తండా వదిలి జనగామ ఆడపిల్లల హాస్టల్లో చేరాను. గదిలో మా భాష మాట్లాడేవాళ్లు లేరు. మేనత్త వస్తోందంటే రూమ్మేట్లతో బస్టాండుకు వెళ్లాను.

మా ఆడవాళ్లు చాన్నాళ్లకు కలిస్తే ఒకరినొకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు. అద్దాలు కుట్టిన ముసుగు కనిపించగానే వెనక నుంచే వాటేసుకొని ఏడుపు అందుకున్నాను. ఆమె తిరిగింది. అత్త కాదు, ఎవరో. అందరూ నవ్వారు, రూమ్మేట్లు కూడా. నేను వదలబోతే ఆమె వదల్లేదు.

"నీ అత్తను కాదు బిడ్డా. అయినా ఏడువు. నన్ను పట్టుకొని ఏడ్చేటోళ్లు ఎవ్వరు లేరు" అని మా భాషలోనే చెప్పి, తనూ రాగం కలిపింది.

అత్త ఆ రోజు రానేలేదు.

హాస్టల్లో నన్ను చూస్తే చాలు, రాగాలు తీసేవారు. ఒకరోజు ఇంగ్లిష్ సార్ 'లివ్ ఇట్ డౌన్' అనే మాట చెప్పారు. జరిగిన సిగ్గుచేటును జనం మరిచిపోయేదాకా తలెత్తుకొని బతకడమట.

"ఎవరన్న ఒక వాక్యం చెప్పున్రి" అన్నారు. క్లాసంతా నావైపు తిరిగింది.

ఇప్పుడు భూపాలపల్లిలో ఉద్యోగం, ఒంటరి గది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. సార్ చెప్పినట్టే బతికాను. అయినా ఏ బస్టాండులో అద్దాల ముసుగు కనిపించినా నా చేతులు లేస్తాయి. దించుకొని బస్సెక్కుతాను.