తలుపు చాటు జవాబు

అమ్మ మోకాళ్ల నొప్పికి ఫోన్‌లో ఫిజియోథెరపీ పెట్టించింది నేనే. మా ఊరి నుంచి మార్కాపురం ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. వీడియోలో చూసి వ్యాయామాలు చేయిస్తామంటే హమ్మయ్య అనుకున్నాను.

మొదటిరోజు ఫోన్‌ను బిందెకు ఆనించి పెట్టాను. కుర్ర డాక్టరు మోకాలు కనబడేలా చీర పైకి తీయమన్నాడు. అంతే, అమ్మ గోడ పట్టుకుని లేచి తలుపు చాటుకు పోయింది.

"మొగోనికి మోకాలు చూపిచ్చాల్నా? సిగ్గు లేదా మే నీకు?"

"డాక్టరే గదమ్మా!"

"అయితే నీది చూపిచ్చుపో. ఏ మోకాలైతే ఏంది ఆయనకు!"

నాకు నవ్వొచ్చింది. గొర్రెల వెంట తిరిగిన కాళ్లే ఇద్దరివీ. నల్లగా, గీరుకుపోయి ఒక్కలాగే ఉంటాయి. మొహం కనబడకుండా ఫోన్‌ను కిందికి వంచి నా మోకాలే చూపించాను. నొప్పి ఉందా అని ఆయన అడిగితే తలుపు చాటు నుంచి అమ్మ జవాబిచ్చేది. మూడు వారాలు అట్లాగే నడిపాం. ఎంత బుద్ధిలేనిదాన్నో!

"బాగా వంగుతోందమ్మా" అని డాక్టరు మెచ్చుకుంటే, ఆ మోకాలు నాదన్న సంగతే మరిచి అమ్మ మురిసిపోయేది. ఒకరోజు ఆయన, ఏమీ పట్టుకోకుండా పీట మీద కూర్చుని లేవమన్నాడు. నేను లేచి చూపించాను. శభాష్ అన్నాడు.

"నువ్వు మాత్రం చేయొద్దమ్మా" అన్నాను.

"డాక్టరు చెప్పినాడు గదా" అంది.

మర్నాడు గొర్రెలను తోలి వచ్చేసరికి అమ్మ పీట పక్కన పడి ఉంది. తుంటి విరిగింది. మళ్లీ మంచం దిగలేదు, రెండు నెలలకు పోయింది. అడిగినవాళ్లందరికీ జారిపడిందని చెప్పాను. తప్పు నాదని చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

అన్నాళ్లూ డాక్టరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా నేను ఎత్తలేదు. పెద్దకర్మ అయిన వారానికి మళ్లీ చేశాడు. అమ్మ పోయిందని చెప్పేద్దామనే ఎత్తాను.

"మీ అమ్మగారు ఎలా ఉన్నారు? ఒకసారి మోకాలు చూపించండి."

ఈ లోకంలో అమ్మ ఇంకా నడుస్తోందనుకునే మనిషి ఆయనొక్కడే మిగిలాడు. ఫోన్‌ను బిందెకు ఆనించాను. చీర పైకి లాగి కాలు చాపాను, మడిచాను. తలుపు చాటున ఎవరో నిలబడి వింటున్నట్టే ఉంది.

"చాలా బాగుందమ్మా. నొప్పేమైనా ఉందా?"

తలుపు వైపు చూశాను. జవాబు కోసం ఆగాను. ఆయన మళ్లీ అడిగాడు.

"లేదు నాయనా" అన్నాను, అచ్చం అమ్మ అన్నట్టే.