కల్లం మీద వదిలిన తాళంచెవి

మా పక్కింటి పెదనాన్న పోయారు. బుధవారం పొద్దున వినుకొండలో జిరాక్సు షాపు దగ్గర నిలబడి, మిర్చి ధర మీద నేను రాసిన కరపత్రానికి కాపీలు తీయిస్తుంటే మా అమ్మ ఫోను చేసింది. మిరపచేనికి నీళ్ళు కడుతూ కాసేపు గట్టు మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. "మీ పెదనాన్న పోయాడురా" అని ఫోను పెట్టేసింది. నేను షాపతని మీద విరుచుకుపడ్డాను. "ఆపవయ్యా ఆ మిషను!" అని అరిచాను. అతనేం పాపం చేశాడు?

ఆయన మాకు రక్తసంబంధం కాదు. గోడకి అటు ఆయన, ఇటు మేము. ఆయన కోసం మా ఊళ్ళో సభ పెట్టరు, ఫ్లెక్సీ కట్టరు. పెద్ద పెద్ద మాటలతో రాస్తే ఆయనే ఒప్పుకోరు. నేను రాసిన ప్రతి కరపత్రమూ నిలబడి చదివి, "సగం కోసెయ్యిరా, మిగతా సగం నిజం" అనేవారు. ఊళ్ళో నాకు కరపత్రం అని పేరు పెట్టింది కూడా ఆయనే. "ఏరా కరపత్రం, అన్నం తిన్నావా?" అని గోడ మీదుగా పలకరించేవారు.

ఆయనకి ఒక తెల్ల డీజిల్ కారు ఉంది. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. రిమోటు లేదు, అలారం లేదు. తలుపు తాళమైతే వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. మా అమ్మకి రెండు కిడ్నీలూ పాడై మంగళవారం, శుక్రవారం నరసరావుపేటలో డయాలిసిస్ మొదలయ్యాక, ఒక మంగళవారం తిరిగి వస్తూ బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ శుక్రవారం మా గుమ్మం ముందు ఆ కారు హారను మోగింది. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. అప్పట్నుంచి వెనక సీటు అమ్మది అయిపోయింది. వెళ్ళేటప్పుడు కూర్చుని వెళ్ళేది, వచ్చేటప్పుడు పడుకుని వచ్చేది.

మీలో ఎవరికైనా పాత కారు ఉంటే ఆయన పద్ధతులు వినాలి. ఇంటి దగ్గర బండి ముక్కుని కొట్టం గోడకి ఆనించి, చక్రాలు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, గేరులో వదిలేవారు. స్టీరింగుకీ క్లచ్ పెడలుకీ కలిపి గొలుసు వేసి, అది అద్దంలోంచి బాగా కనపడేటట్టు చూసేవారు. "కనపడే తాళం పిరికి దొంగకిరా, కనపడని తాళం గట్టి దొంగకి" అనేవారు. అద్దాల మీద, బ్యాటరీ మీద, స్టెప్నీ మీద, సీట్ల కింద రేకు మీద బండి నంబరు మేకుతో గీశారు. ఆసుపత్రి సందులో టీకొట్టు ఎదురుగానే ఆపి, కొట్టు ఆవిడతో "అమ్మాయ్, నా ముసల్దాన్ని కాస్త కనిపెట్టుకో" అని చెప్పందే లోపలికి వచ్చేవారు కాదు.

ఇదంతా చూస్తే నాకు మండిపోయేది. "ఈ డొక్కుని ఎవడు ఎత్తుకుపోతాడు పెదనాన్నా?" అన్నాను ఒకసారి.

"నడపడానికి కాదురా, విప్పడానికి. పాతబండి సామాను ఇప్పుడు దొరకట్లా. ఒక్క పూటలో ఊడబీకుతారు."

"అయినా దొంగని పుట్టించింది లేమి. తాళాలు పెంచుకుంటూ పోతే లేమి పోదు."

ఆయన గొలుసు బిగిస్తూనే ఉన్నారు. "నిజమే. ఆ లేమి పోయేదాకా మీ అమ్మని నరసరావుపేట దొంగ తీసకపోతాడా?"

జవాబు దొరకనప్పుడు నాకు ఇంకా కోపం వస్తుంది. గేటు దభాలున వేసి వచ్చేశాను.

అంత జాగ్రత్తపరుడూ మిర్చి కల్లం మీద మాత్రం బండిలోనే తాళంచెవి వదిలేసేవారు. మా వైపు అది ఆచారం. కాయ ఎండబెట్టే రోజుల్లో కల్లానికి ఏ బండి వచ్చినా తాళంచెవి దానికే ఉండాలి. ట్రాక్టరుకి దారి ఇవ్వాలన్నా, మబ్బు పట్టినప్పుడు ఊళ్ళోకి పరుగెత్తి టార్పాలిన్ పట్టాలు తేవాలన్నా బండి ఎవరిదని అడిగే తీరిక ఉండదు. ఒక్క జల్లు పడితే ఎర్రటి కాయ తెల్లబడి తాలు అయిపోతుంది, ఏడాది కష్టం పోతుంది. అందుకని పెదనాన్న బండికి ఒక చాటు స్విచ్చి పెట్టించారు. అది వెయ్యకుండా తాళంచెవి తిప్పితే ఇంజను పలకదు. ఆ స్విచ్చి ఎక్కడుందో కల్లం మీద ఉన్న ప్రతి ఇంటివాళ్ళకీ, కూలీల మేస్త్రమ్మకీ స్వయంగా చూపించారు.

"నలభై మందికి తెలిశాక అది రహస్యం ఎట్టా అయిద్ది?" అని నవ్వాను.

"నలభై మంది కాపలా ఉన్నారనుకో" అన్నారు.

పోయిన మార్చిలో కల్లం దగ్గరికి ఒక మనిషి రావడం మొదలుపెట్టాడు. నా ఈడువాడే. రైతుల కష్టాల మీద వివరాలు రాసుకుంటున్నానన్నాడు. నా కరపత్రం మొదట్నుంచి చివరిదాకా చదివానని నాతో చెప్పిన మొదటి మనిషి అతనే. మూడు రోజులు నాతో కల్లం అంతా తిరిగాడు. మేస్త్రమ్మ ఒకసారి "ఎవరయ్యా ఈయన, ఏ ఊరు?" అని అడిగితే నేను ఎగిరిపడ్డాను. "మనుషుల్ని ఊరూ పేరూ అడిగే రోజులు పోవాలి" అని ఉపన్యాసం ఇచ్చాను.

నాలుగో రోజు సోమవారం. మధ్యాహ్నం మూడింటికి పడమర నల్లగా అయింది. ఇరవై నిమిషాల్లో గాలి లేచింది. ఆడవాళ్ళు కాయని కుప్పలు నెడుతున్నారు, పట్టాలు చాలట్లేదు, అందరూ అరుస్తున్నారు. పెదనాన్న కల్లానికి అవతలి చివర ఉన్నారు. ఆ మనిషి నా పక్కకి వచ్చి, "బ్రదర్, కారు ఇప్పించు, ఊళ్ళోంచి పట్టాలు తెస్తా" అన్నాడు. నేను అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, స్టీరింగు కింద వైర్ల చాటున ఉన్న స్విచ్చి చూపించాను. నాకు అప్పుడు గర్వంగా కూడా ఉంది. మనిషిని నమ్మడం ఎలాగో అందరికీ చూపిస్తున్నాననుకున్నాను.

కారు ఊరి వైపు తిరగలేదు. వాగు వైపు తిరిగింది.

అవతల వినుకొండ రోడ్డు. రోడ్డెక్కితే ఇక ఆ బండి రేకులుగా కూడా దొరకదు. మర్నాడు మంగళవారం. పెదనాన్న పరుగెత్తుకొచ్చారు.

"స్విచ్చి ఎట్టా తెలిసిందిరా వాడికి?"

"తెలీదు పెదనాన్నా" అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకు అంతవరకు తెలియదు.

ఆయన నా ముఖం వైపు ఒక్క క్షణం చూసి, "బైకు తియ్యి" అన్నారు. ఆయన కాయ ఇంకా సగం కప్పలేదు. చినుకులు మొదలయ్యాయి. వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కారు.

మట్టిదారి, ఎదురుగాలి, కళ్ళలో వాన. నేను యాక్సిలరేటరు పిండుతుంటే వెనక నుంచి భుజం పట్టుకుని, "మెల్లిగా తోలు. మనం పడితే పొద్దున మీ అమ్మ ఎవరితో పోద్ది?" అన్నారు.

"వాడు రోడ్డెక్కేస్తాడు!"

"ఎక్కడు. వాగు చప్టా దాటడు."

ఆ మాట ఎలా అంటున్నారో నాకు అర్థం కాలేదు. చప్టా కనపడింది. దాని మీద తెల్లకారు, లేచి ఉన్న బానెట్టు. ఆ మనిషి ఇంజను మీదికి వంగి ఉన్నాడు. బైకు మీద వచ్చిన ఇంకొకడు ట్యాంకులో క్యానుతో డీజిలు పోస్తున్నాడు. వాగులో నీళ్ళు అప్పుడే ఎర్రబడుతున్నాయి.

నేను బండి పడేసి ముందుకి దూకాను. పెదనాన్న నా చొక్కా కాలరు వెనక నుంచి దొరకబుచ్చుకున్నారు. "వాడి చేతిలో జాకీ రాడ్డుంది, నీ దగ్గర నోరుంది. ఆగు."

ఆయన నడుచుకుంటూ వెళ్ళారు. అరవై ఆరేళ్ళ మనిషి. వాళ్ళని దాటుకుని, వెనక తలుపు తీసి, సీటులో కూర్చుని తలుపు వేసుకున్నారు.

"దిగు ముసలోడా!" అని వాడు రాడ్డు ఎత్తాడు.

"దిగను. రేపు పొద్దున ఈ సీట్లో ఒకావిడ డయాలిసిస్‌కి పోవాలి. బండి తీసకపోయేవాళ్ళు మనిషిని కూడా తీసకపోండి. ఆవిడ బదులు నేనొస్తా."

రాడ్డు గాల్లోనే ఉంది. వాడు కొట్టాడు. అద్దం భళ్ళుమని పెదనాన్న ఒళ్ళో పడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నారు కానీ కదల్లేదు. నేను కేకలు పెడుతుంటే, పత్తికట్టె పీకి ఇళ్ళకి పోతున్న ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వానలో చప్టా మీదికి వచ్చారు. ఒకామె "ఏందయ్యా అది? ఎవుర్రా మీరు?" అని గట్టిగా అరిచింది. ఒక్కొక్కరి నెత్తి మీదా కట్టెల మోపు.

రెండోవాడు అప్పటికే బైకు స్టార్టు చేశాడు. మొదటివాడు రాడ్డు వాగులో పారేసి వెనక ఎక్కాడు. ఎక్కుతూ నావైపు తిరిగి నవ్వాడు. "నీ కరపత్రం బానే ఉంటది బ్రదర్. కానీ స్విచ్చి మాత్రం అందరికీ చూపించమాక!"

పెదనాన్నకి వినపడింది. వినపడకుండా ఎలా ఉంటుంది, అద్దం లేదుగా.

ఆయన దిగారు. చేతి మీద రక్తం వానకి కారిపోతోంది. బానెట్టు కింద మూలకి చెయ్యి పెట్టి చూపించారు. అక్కడ అర లీటరు పట్టే డబ్బా ఒకటి బిగించి ఉంది. కల్లం మీద తాళంచెవి వదిలేటప్పుడల్లా ట్యాంకు నుంచి వచ్చే పైపుకి ఉన్న కుళాయి కట్టేసి, ఆ డబ్బా కుళాయి తిప్పేవారట. ఊళ్ళోకి వెళ్ళి పట్టాలు తేవడానికి ఆ డీజిలు సరిపోతుంది, రోడ్డెక్కడానికి సరిపోదు. అయిపోతే డీజిలు పైపులో గాలి చేరి ఇంజను ఆగిపోతుంది. ఆ గాలి తియ్యకుండా ట్యాంకు నిండా పోసినా కదలదు. నలభై మందికీ స్విచ్చి తెలుసు, ఈ డబ్బా సంగతి ఎవరికీ తెలియదు.

నేను ఏదో చెప్పబోయాను. "పెదనాన్నా, నేనే..."

"పంపు కొట్టు" అన్నారు.

ఆయన ట్యాంకు కుళాయి తిప్పి, ఫిల్టరు మీద నట్టు వదులు చేస్తే, నేను పక్కనున్న చిన్న చేతిపంపు బొటనవేలితో నొక్కుతూ పోయాను. నురగ, బుడగలు. "బుడగలు ఆగేదాకా కొట్టు" అన్నారు. వేలు వాచింది.

కల్లానికి తిరిగొచ్చేసరికి అందరి కాయా కప్పి ఉంది. ఆయన కుప్ప మీద పట్టా గాలికి లేచిపోయి, సగం తడిసింది. మేస్త్రమ్మ చేతులు తిప్పుతూ వచ్చింది. "వాడికి స్విచ్చి ఎట్టా తెలిసిందయ్యా?"

నేను తల వంచుకున్నాను.

"నేనే వేసి వదిలేశాలే. ముసలి బుర్ర" అన్నారు పెదనాన్న.

"నీ బుర్రకో దండం! లోకానికంతా జాగర్తలు చెప్తావు!" అని ఆమె దులిపేసింది. ఆ సీజనంతా కల్లం మీద ఆయన్ని ఎగతాళి చేశారు. ఆ తిట్లు నావి. ఆయన తిన్నారు.

మర్నాడు వెనక తలుపుకి, పగిలిన అద్దం చోట యూరియా సంచి కట్టి, మామూలు టైముకే హారను కొట్టారు. అమ్మ నరసరావుపేట వెళ్ళింది.

వారం తర్వాత, అద్దం బిగిస్తున్న ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ఇకనుంచి కల్లం మీద తాళంచెవి జేబులో పెట్టుకో పెదనాన్నా" అన్నాను.

"కల్లం మీద తాళంచెవి జేబులో వేసుకున్న మొదటివాణ్ణి నేను కాకూడదురా" అన్నారు. "నేను వేసుకుంటే రేపు ఇంకొకడు వేసుకుంటాడు. ఎల్లుండి వానొస్తే ఎవుడి పట్టా వాడే మోసుకోవాల." తర్వాత నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి, నా చేతిని పట్టుకుని ఒక కొత్తచోట ఆనించారు. స్విచ్చిని అక్కడికి మార్చారు. "ముందు నీకు చూపిస్తున్నా. మిగతావాళ్ళకి నువ్వే చూపించు. ఎవుడికి చూపించాలో ఇప్పుడు నీకు తెలుసు."

నేను చాలా పుస్తకాలు చదివాను. నమ్మకం గురించి అంత గట్టిగా చెప్పిన పేజీ ఏదీ గుర్తు రావట్లేదు. చేసిన తప్పుని మా ఇద్దరి మధ్యే, నా నెత్తి మీదే ఉంచి, నన్ను మాత్రం ఊళ్ళో తలెత్తుకుని తిరగనిచ్చారు. ఇది చదివి ఎవరైనా ఆ డబ్బా కోసం చెయ్యి పెడితే, అది ఇప్పుడు అక్కడ లేదని కూడా చెప్పాలి. ఆయన ఉంటే నేను ఇదంతా రాసినందుకు తిట్టి ఉండేవారు.

గురువారం దహనం అయింది. సాయంత్రం పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నా చేతిలో తాళంచెవి పెట్టి, "శుక్రవారం ఆగదు కదరా" అంది.

శుక్రవారం పొద్దున నేనే నడిపాను. అమ్మ వెనక సీటులో కూర్చుంది. వాగు దాటాక పక్క ఊరు వచ్చింది. అక్కడ కల్లాలు చాలక సగం రోడ్డు మీద మిరపకాయ ఆరబోశారు. దూరం నుంచే తెల్లకారుని చూసి ఇద్దరు ఆడవాళ్ళు లేచారు. పట్టా అంచు పట్టుకుని, కాయ పక్కకి దొర్లించి, చక్రాలకి దారి చేశారు. ఒకామె నవ్వుతూ చెయ్యెత్తింది. ఎప్పుడూ అలాగే పలకరిస్తుందేమో. బండి దగ్గరికి వచ్చాక వంగి డ్రైవరు సీటులోకి చూసింది.

నన్ను చూసింది. ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో పట్టా అంచు ఇంకొంచెం వెనక్కి లాగి, నేను దాటేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.